మా టేకు లాంచిని లాంచిగానే అమ్మాం (రంభ, గంజాం జిల్లా)

పాత చెక్క లాంచి అమ్ముదాం అనుకునేవాళ్ళు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీరు అమ్మేది పడవా, కలపా, లేకపోతే షో పీసా? మీరు తేల్చుకోకపోతే చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ వాడి అవసరాన్ని బట్టి తేల్చేస్తాడు, రేటూ అలాగే చెప్తాడు. మా లాంచి అమ్మకానికి పెట్టినప్పుడు వచ్చిన బేరాల్లో అన్నిటికంటే తక్కువదానికీ ఎక్కువదానికీ మధ్య మూడు రెట్లకి పైగా తేడా ఉంది. చూసింది మాత్రం అందరూ ఆ ఒక్క లాంచినే.

ముందు లాంచి ఏంటో చెప్తా. పొడుగు ముప్పై రెండు అడుగులు, వెడల్పు ఎనిమిదికి ఓ అంగుళం తక్కువ. బర్మా టేకు పలకలు ఒకదాని అంచుకి ఒకటి ఆనించి లోపల వంకులకి (పడవకి పక్కటెముకల్లాంటి వంపు కర్రలు) రాగి మేకులతో బిగించిన కట్టుబడి, ముందు డ్రైవరు నిలబడే చిన్న గది, వెనక ఎదురెదురుగా బెంచీలు, ఇత్తడి కిటికీ చట్రాలు, ఇత్తడి గంట. 1950ల చివర్లో మా తాతయ్య కలకత్తాలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మా వాళ్ళది హుమా ఊళ్ళో ఉప్పు వ్యాపారం, 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి మాలాంటి తెలుగు ఇళ్ళు ఇక్కడ బోలెడు, బరంపురంలో ఇప్పటికీ సగం బేరాలు తెలుగులోనే నడుస్తాయి. ఉప్పు పడవల్ని తాడు కట్టి లాగడానికని తెచ్చిన లాంచి అది, తర్వాత ఉప్పంతా లారీలెక్కిపోయాక చిలిక సరస్సులో జనాన్ని తిప్పడం మొదలెట్టారు. సంక్రాంతికి సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళీజాయి అమ్మవారి దగ్గరికి పోయే జనంతో రంభ ఘాట్ నుంచి తెల్లారుజామునే బయల్దేరేది.

నాన్నగారు పోయాక దాన్ని చూసుకునేవాళ్ళు లేరు. తమ్ముడు హైదరాబాదులో, నాకు బరంపురంలో షాపు. చెక్క పడవని వాడినా వాడకపోయినా ఏడాదికోసారి ఒడ్డుకి లాగాలి, అడుగు గీకాలి, పలాస నుంచి జీడిపిక్కల నూనె డబ్బాలు తెప్పించి పూయాలి, ఎందుకంటే చిలిక నీళ్ళలో ఉప్పుంటుంది, ఉప్పున్న చోట చెక్క తొలిచే పురుగు ఉంటుంది. టెరిడో అంటారు, పేరుకి పురుగు గానీ నిజానికి ఆల్చిప్పల జాతి. బయటికి గుండుసూది మోపినంత బెజ్జమే కనపడుతుంది, లోపల వేలు పట్టేంత సొరంగం. పైగా చిలికకి ఈ రకం లాంచి ఇప్పుడు సరిపడదు కూడా. ఇది నీళ్ళలో రెండున్నర అడుగులు దిగుతుంది. రంభ వైపు పర్లేదు గానీ ఉత్తరానికి పోయేకొద్దీ దయా, భార్గవి నదులు తెచ్చి పోసిన ఒండ్రు, గడ్డి, ఆ మధ్యలో రొయ్యల ఘేరీల (నీళ్ళలో వల కట్టి రొయ్యలు పెంచే మడుల) వలలు. వల పంకాకి చుట్టుకుందంటే కత్తి పట్టుకుని ఎవరో ఒకరు నీళ్ళలోకి దిగాల్సిందే. టూరిస్టుల్ని తిప్పే వాళ్ళందరూ అడుగు చదునుగా ఉండే సన్నటి పడవలకి వెళ్ళిపోయారు, అందుకే లోకల్‌గా కొనేవాడు దొరకడని మాకు ముందే తెలుసు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. లాంచి ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. అంటే నాన్నగారి తరఫున మేమిద్దరం, అమ్మ, పర్లాకిమిడిలో బాబాయ్, ఇచ్ఛాపురంలో అత్తయ్య, అందరి సంతకాలూ కావాలి, వారసుల సర్టిఫికెట్ కావాలి. అత్తయ్య "సంతకం పెడతాన్రా, కానీ ముందు నన్నోసారి దాన్లో కాళీజాయి తీసుకెళ్ళి తీసుకురా" అంది, తీసుకెళ్ళాం, వచ్చేటప్పుడు దారంతా తాతయ్యని తిడుతూనే ఉంది, అది వేరే కథ. రిజిస్ట్రేషన్ కాగితం 1917 నాటి చట్టం కింద ఇచ్చింది, సర్వే సర్టిఫికెట్ (పడవ తిరగడానికి పనికొస్తుందని తనిఖీ చేసి ఇచ్చేది) గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు 2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజన్ ఉన్న పడవకి రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్ మూడూ అడుగుతారు, కాకపోతే దీన్లో ఒక మంచి ఉంది, ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. బయటి రాష్ట్రం వాడికి అమ్మాలనుకుంటే ఇదే పెద్ద పాయింటు. ఒక ఆఫీసులో నన్ను ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్‌కి, ఈ టేబుల్ నుంచి మళ్ళీ ఆ టేబుల్‌కి తిప్పారు. ఇంజన్ నంబరు కాగితం మీద ఒకటి, ఇంజన్ మీద ఇంకొకటి. ఎందుకంటే పాత ఇంజన్ తీసేసి 80ల్లో కిర్లోస్కర్ డీజిల్ పెట్టారు, ఆ మార్పు ఎక్కడా రాయించలేదు. పాత లాంచి ఉన్నవాళ్ళు ముందు ఈ నంబర్లు కలుస్తున్నాయో లేదో చూస్కోండి, మిగతాదంతా తర్వాత.

అసలు పని చెక్క చూపించడం. మాకు తెలిసిన ఒకాయన తాళ్ళరేవు నుంచి మేస్త్రిని పిలిపించమన్నాడు. కాకినాడ దగ్గర కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క ఓడలు కట్టిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఎండాకాలం చిలికలో నీళ్ళు తగ్గాక తాటి దుంగలు పరిచి, చైన్ పుల్లీ ఒకటి, ట్రాక్టర్ ఒకటి పెట్టి లాంచిని ఒడ్డుకి లాగించాం. డెబ్బై దాటిన మనిషి బస్సు దిగి వచ్చాడు, చేతిలో చిన్న సుత్తి, సన్నటి స్క్రూడ్రైవర్, ఇంకేం లేవు. ఒక్క ఫోటో తీయలేదు, ఒక్క ముక్క రాసుకోలేదు. ముందు నుంచి మొదలెట్టి ఒక్కో పలకనీ సుత్తితో టక్ టక్ మని కొట్టుకుంటూ, చెవి దగ్గర పెట్టి వింటూ వెనక్కి నడిచాడు. మంచి టేకు ఖణీమంటుంది. ఒక చోట కొట్టినప్పుడు శబ్దం డొల్లగా వచ్చింది, నాక్కూడా తేడా తెలిసింది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన పెట్టి బొటనవేలితో నొక్కాడు. బలం కూడా పెట్టలేదు, ఇనుము పిడి దాకా దిగిపోయింది.

నేను హడలిపోయాను. ఆయన మాత్రం నవ్వి, "బాబూ, ఇది నీళ్ళలో పాడైంది కాదు, వానకి పాడైంది" అన్నాడు. చూస్తే నిజమే, అది వెనక డెక్కు కింద మూల, పైన పలకల సందులోంచి వాన చుక్కలు ఏళ్ళ తరబడి కారిన చోటు. ఉప్పు నీళ్ళు చెక్కకి ఊరగాయ పెట్టినట్టే పనిచేస్తాయట, కుళ్ళనివ్వవు. కుళ్ళు వచ్చేది వాన నీళ్ళ వల్ల, అదీ గాలి తగలని మూలల్లో. అందుకే పడవ కొనేవాడు కింద చూస్తాడు, తెలిసినవాడు ముందు పైకెక్కి డెక్కు చూస్తాడు. నీటి గీత కింద పలకలన్నీ రాయిలా ఉన్నాయి. అడుగు దూలం చివర్లో మాత్రం రాగి రేకు అరిగిపోయిన జానెడు మేర టెరిడో దూరింది, ఆ ముక్క కోసేసి కొత్తది అతికాడు. డెక్కు కింద నాలుగడుగుల పలక, రెండు వంకులు మార్చాడు, సందుల్లో పాత పత్తి లాగేసి కొత్తది కూరి గుగ్గిలం కాచి పోశాడు. కూలీ, చెక్క, ఆయన బస్సు ఛార్జీలు, భోజనాలు అన్నీ కలిపి డెబ్బై వేలకి దగ్గరయ్యింది. అమ్మేసేదానికి ఇంత దండగెందుకని బాబాయ్ గొణిగాడు. నా లెక్క వేరు, స్క్రూడ్రైవర్ దిగిన చోటు అలాగే వదిలేస్తే కొనేవాడు లాంచి మొత్తం అలాగే ఉందనుకుంటాడు, అప్పుడు తగ్గేది డెబ్బై వేలు కాదు.

తర్వాత నెట్లో పెట్టాం. ఫోటోల్లో అందమైనవి మూడు నాలుగే, మిగతావన్నీ మార్చిన పలక, మార్చకముందు కుళ్ళిన ముక్క, అడుగు, ఇంజన్ కింద నూనె మరకలు, 2013 అక్టోబర్లో ఫైలిన్ తుఫానుకి డ్రైవరు గది టేకు కప్పు ఎగిరిపోతే దాని బదులు వేసిన రేకు కప్పు, ఇవే. ఆ రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తుఫానుకి మా ఘాట్లో లాంచి మిగలడమే గొప్ప, కప్పు గురించి ఎవరూ ఏడవలేదు. రేటు ఆరు లక్షలు అని పెట్టాం, బేరానికి చోటుండాలి కదా.

ఫోన్లు మొదలయ్యాయి. సగం మంది "లాస్ట్ ఎంత" అనే. లాంచి ఎక్కడుందో తెలీదు, ఎంత పొడుగో తెలీదు, లాస్ట్ ఎంత కావాలి. ఒకాయన బొలేరోతో ఎక్స్‌చేంజ్ చేస్కుంటారా అన్నాడు. ఒకడు హిందీలో తాను ఆర్మీ ఆఫీసర్నని, చూడక్కర్లేదని, అడ్వాన్స్ ఇప్పుడే పంపిస్తానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. ఇది అందరికీ తెలిసిన మోసమే అయినా మళ్ళీ చెప్తున్నా, మనకి డబ్బులు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ను కొట్టక్కర్లేదు, కొట్టారంటే పోయేవి మన డబ్బులే. ఐదు టన్నుల లాంచిని చూడకుండా కొనేవాడు ఉండడు, అసలు అక్కడే తెలిసిపోవాలి.

నిజంగా వచ్చినవాళ్ళలో మొదటాయన కలప వ్యాపారి. మంచి మనిషే, టేపు పెట్టి పలకల మందం, పొడుగు కొలిచి ఘనపుటడుగుల లెక్క నా ముందే వేశాడు. అంగుళం మందం పలకలు, పొట్ట మొత్తం విప్పితే ముప్పై చిల్లర అడుగులొస్తాయి, దాన్లో రాగి మేకుల బెజ్జాలున్న అంచులు పనికిరావు, మేకు ఒక్కటి మిగిలినా రంపం పళ్ళు పోతాయి, కాబట్టి సగానికే లెక్క కట్టాలి అన్నాడు. రాగి, ఇత్తడి, ఇంజన్ తూకానికి. మొత్తం లక్షా ఇరవై వేలు. ఆయన లెక్కలో తప్పేం లేదు, కలప అనుకుంటే అది లక్షా ఇరవైదే. పాత టేకుకి బంగారం రేటొస్తుందని ఊళ్ళో అందరూ చెప్పేవారు, ఆ భ్రమ పోయింది, అందుకు ఆయనకి టీ ఇప్పించి పంపించాం.

పాత వస్తువుల వాడొకడు ఇత్తడి మాత్రం ఇవ్వమన్నాడు. కిటికీ చట్రాలు, గంట, స్టీరింగ్ చక్రం, ఇవన్నీ కలిపి ఎనభై వేలు, అప్పటికప్పుడు నగదు. తమ్ముడికి ఇది నచ్చింది, ఇత్తడి వీడికి, టేకు వాడికి, విడివిడిగా అమ్మితే రెండు లక్షలు కదా అన్నాడు. కాదన్నాను. ఇత్తడి ఊడదీసిన మరుక్షణం అది లాంచి కాకుండా పోతుంది, ఆ తర్వాత కలపాయన కూడా లక్షా ఇరవై ఇవ్వడు, ఎందుకంటే ఆయన లెక్కలో ఇత్తడి ఉంది కదా.

హైవే పక్కన రిసార్టు కట్టుకుంటున్న ఒకాయన కారులో వచ్చాడు. లాన్లో సిమెంటు దిమ్మ మీద పెట్టి లైట్లు వేసి లోపల నాలుగు టేబుళ్ళు వేస్తాడట. రెండున్నర లక్షలు ఇస్తానన్నాడు, ఇంజన్ మీరే తీసేసుకోండి అన్నాడు. ఇది చెడ్డ బేరం కాదు, చాలామంది ఇక్కడే ఒప్పేసుకుంటారు. కానీ చెక్క లాంచిని ఎండలో దిమ్మ మీద పెడితే రెండు వేసవుల్లో పలకలు ఎండిపోయి వేలు దూరేంత సందులొస్తాయి, వానాకాలం ఆ సందుల్లో నీళ్ళు నిలుస్తాయి, మేస్త్రి చెప్పిన వాన కుళ్ళు మొత్తం అలాగే మొదలవుతుంది. ఆ మాట ఆయనకీ చెప్పాం, ఫైబర్ పూయించేస్తాలెండి అన్నాడు. ఇంట్లో అందరూ మెత్తబడ్డారు గానీ అమ్మ ఒప్పుకోలేదు.

చివరికి కొన్నది రాజమండ్రి వైపు ఆయన. గోదావరి గట్టున తోట ఉంది, టిక్కెట్లు పెట్టి జనాన్ని తిప్పే ఉద్దేశం లేదు, 2019లో కచ్చులూరు ప్రమాదం తర్వాత అక్కడ ఆ పర్మిషన్ల సంగతి వేరు, ఆయనకి ఇంటి వాళ్ళతో తిరగడానికి కావాలి. ఫోన్లో రేటు అడగలేదు, నీళ్ళలో ఎంత దిగుతుంది, పంకా షాఫ్టు ఎప్పుడు మార్చారు, ఆఖరిసారి ఒడ్డుకి ఎప్పుడు లాగారు అని అడిగాడు. అప్పుడే అనుకున్నా ఈయన కొంటాడని.

ఆయన వచ్చేసరికి లాంచిని అప్పుడే నీళ్ళలోకి దించి ఉన్నాం, నెలకి పైగా ఒడ్డున ఎండిన లాంచి. ఎండిన చెక్క నీళ్ళలో దింపగానే సందుల్లోంచి నీళ్ళు లోపలికొస్తాయి, పలకలు నీళ్ళు తాగి ఉబ్బితే వాటంతట అవే మూసుకుంటాయి. తెలియనివాడు చూస్తే ఓటి పడవ అనుకుని పారిపోతాడు. నేనే కావాలని ఆ రోజు రమ్మన్నాను. లోపల చెక్క బల్ల ఎత్తి చూపించా, చీలమండ దాకా నీళ్ళు, పంపు నడుస్తోంది. పక్కనే ఒక వంకు మీద సుద్దముక్కతో గీత గీసి, పంపు ఆపేసి, "ఇది రేపు పొద్దున చూడండి, ఎల్లుండి పొద్దున చూడండి" అన్నాను. ఆయన రంభలోనే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున నీళ్ళు గీత దాటి పైకొచ్చాయి, ఆయన మొహం కొంచెం మాడింది, మళ్ళీ తోడేసి గీత దగ్గరికి తెచ్చాం. ఆ తర్వాతి పొద్దున నీళ్ళు గీత మీదే ఉన్నాయి, ఒక్క వేలు కూడా పెరగలేదు. ఆయన గీతని గోటితో గీకి మరీ చూసుకున్నాడు, నేను చెరిపి మళ్ళీ గీశానేమో అని. అలా చూసేవాడికే అమ్మాలి.

ఇంజన్ దగ్గర కూడా అంతే. మూత తీయగానే ముందు అరచేయి పెట్టి చూశాడు, ముందే ఓసారి స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టామా అని. చల్లగా ఉంది. డీకంప్రెషన్ లీవర్ ఎత్తి, హ్యాండిల్ తిప్పి, లీవర్ వదిలితే రెండో ప్రయత్నానికి అందుకుంది. మొదట తెల్ల పొగ, కాసేపటికి పోయింది. నీలం పొగ వచ్చుంటే నూనె తాగుతోందని అర్థం, ఆయనకి తెలుసు, అందుకే ఆ పొగ పోయేదాకా కదల్లేదు. సరస్సులోకి తీసుకెళ్ళి ఫుల్ స్పీడులో చుక్కాని ఇటూ అటూ తిప్పి చూశాడు, షాఫ్టు బయటికొచ్చే గ్లాండు దగ్గర చుక్కలు లెక్కపెట్టాడు.

బేరం ఘాట్ పక్కన టీ బడ్డీలో. ఆయన మూడున్నర అన్నాడు, నేను ఐదు అన్నాను. రేకు కప్పుకి తగ్గించమన్నాడు, సరే. సర్వే, రిజిస్ట్రేషన్ మా ఖర్చు మీద అయ్యాకే మిగతా డబ్బు అన్నాడు, దానికీ సరే. క్రేను, లారీ ఆయనవి. నాలుగు లక్షల పది వేలకి తెగింది. యాభై వేలు అడ్వాన్సు, స్టాంపు పేపరు మీద ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం అని, మార్చిన పలకలు, అతికిన దూలం, ఇంజన్ నంబరు అన్నీ రాసి, వారసులందరి సంతకాలు. మిగతా డబ్బు బ్యాంకులో పడ్డాకే క్రేను కొక్కెం తగిలించాం, ఈ వరస మాత్రం మార్చకండి, ఎంత మంచివాడైనా.

రవాణా గురించి భయపడినంత లేదు. లారీ మీద సరుకు వెడల్పు 2.6 మీటర్లు దాటితే ప్రత్యేక పర్మిషన్ గొడవ, మాది ఎనిమిది అడుగుల లోపే కాబట్టి తప్పింది. ఎత్తే సమస్య, డ్రైవరు గది కప్పు విప్పి లోపల పెట్టాం, ఎలాగూ రేకు కప్పే, విప్పడానికి అరగంట పట్టలేదు. కిందున్న చెక్క ఊయల మాత్రం మేస్త్రి కొలతలిచ్చి చేయించాడు. బరువంతా అడుగు దూలం మీద పడాలి, పక్క కర్రలు ఒరగకుండా పట్టుకోవడానికే, అటూ ఇటూ అయితే ఐదు టన్నుల బరువుకి పలకలు లోపలికి వంగిపోతాయి. దారిలో చెక్క ఎండిపోకుండా తడి గోనెలు కప్పమని డ్రైవరుకి చెప్పాం, కప్పాడో లేదో మరి. గోదావరిలో దింపాక నీళ్ళు పట్టడం ఆగిందని ఆయన ఫోన్ చేశాడు. అక్కడ మంచి నీళ్ళు కాబట్టి టెరిడో బెడద లేదు, డెక్కు మీద వాన నిలవకుండా చూస్కోవాలని చెప్పాను, టార్పాలిన్ కొన్నానన్నాడు.

ఒకటి మిగిలింది. కలకత్తా నుంచి వచ్చినప్పుడున్న అసలు ఇంజన్, కెల్విన్, గ్లాస్గోలో చేసింది, పెట్రోలుతో స్టార్టయ్యి కిరసనాయిలు మీద నడిచే రకం, మా షెడ్డులో గోనెల కింద ఉంది. రాజమండ్రి ఆయనకి వద్దట. మాగ్నెటో ఉంది, ఫ్లైవీల్ తిరుగుతుంది, కార్బురేటర్ మూత లేదు, ఇత్తడి ప్లేటు మీద అక్షరాలు కనపడుతున్నాయి. పాత ఇంజన్లు బాగుచేసే పిచ్చి ఉన్నవాళ్ళెవరైనా ఉంటే బరంపురం వచ్చి చూస్కోవచ్చు, రేటు మాట్లాడుకుందాం. తూకానికైతే ఇవ్వం.